అమ్మానాన్నలతో హంటర్ రీజియన్ బొటానిక్ గార్డెన్స్‌కి: ముందు రోజు ఫోన్ నుంచి మొక్క నాటే దాకా

సిడ్నీ, న్యూకాసిల్‌లలో ఉన్న మనవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. “అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చారు. బీచ్‌లు, గుడి, ఒపేరా హౌస్ అన్నీ అయిపోయాయి. హెదర్‌బ్రే దగ్గర మొక్కల తోట ఉందట కదా, ఎలా వెళ్లాలి, ఏం చూడాలి?”

ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం ఇక్కడ రాస్తున్నాను. ఈ తోట న్యూ సౌత్ వేల్స్‌లో, రేమండ్ టెరస్ ఊరికి కాస్త ముందు, పసిఫిక్ హైవే పక్కన ఉంటుంది. వందకు పైగా హెక్టార్ల స్థలం. అందులో ఎక్కువ భాగం సహజమైన అడవి, మధ్యలో విడివిడిగా మడులు వేసి పెంచిన ఆస్ట్రేలియా మొక్కలు. దీన్ని నడిపేది వాలంటీర్లు. కలుపు తీసేది, నర్సరీ చూసుకునేది, గేటు తీసి వేసేది వాళ్లే.

సిడ్నీ నగరం నడుమ ఉన్న రాయల్ బొటానిక్ గార్డెన్‌కి వెళ్లినట్టు ఇక్కడికి వెళ్లకూడదు. ప్లానింగ్ వేరుగా ఉండాలి. మేం మొదటిసారి మధ్యాహ్నం మూడు దాటాక చేరాం. గేటు మూసే వేళ దగ్గర పడింది. అమ్మకి ఒక్క మడి కూడా తీరిగ్గా చూపించలేకపోయాను. కింద రాసినవన్నీ ఆ తర్వాత వెళ్లినప్పుడు నేర్చుకున్నవి.

1. ముందు రోజు ఒక ఫోన్ చేయండి

వెబ్‌సైట్‌లో వేళలు చూసుకోవడం మంచిదే, కానీ దానితో సరిపెట్టకండి. వాలంటీర్లు నడిపే చోట గట్టి గాలి వీచినా, బాగా వాన పడినా, మనుషులు తక్కువైనా ఆ రోజు ఏర్పాట్లు మారవచ్చు. ఫోన్‌లో ఈ ఐదూ అడగండి:

- రేపు తోట తెరిచే ఉంటుందా, గేటు ఎన్నింటికి మూస్తారు?
- ప్రవేశ రుసుము ఎంత, కార్డు తీసుకుంటారా, నగదే ఇవ్వాలా?
- మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి, వీల్‌చెయిర్‌కి ఏ దారి వీలుగా ఉంటుంది?
- మొక్కలు అమ్మే చోట రేపు ఎవరైనా ఉంటారా?
- వాలంటీర్లు ఎక్కువమంది పనిచేసే రోజు ఏది?

చివరి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. శనివారమే వెళ్లాలని పట్టుపట్టకండి. వీలైతే ఒక రోజు సెలవు పెట్టుకుని, వాళ్లు మడుల్లో పనిచేసే రోజునే వెళ్లండి. అదే తోట రెండు రెట్లు ఎక్కువ కనిపిస్తుంది.

పది మందికి మించి వెళ్తుంటే, అంటే రెండు మూడు కుటుంబాలు కలిసి బయలుదేరితే, ఆ మాట ఫోన్‌లోనే చెప్పండి. చెప్పకుండా మూడు కార్లలో దిగితే గేటు దగ్గరున్న ఒక్క మనిషి మీద భారం పడుతుంది.

2. నెల ఎంచుకోవడం

అన్ని నెలల్లోనూ ఏదో ఒకటి పూస్తూనే ఉంటుంది. అయినా నా ఓటు ఆగస్టు, సెప్టెంబరు నెలలకే. చలి తగ్గుతుంది, వాటిల్ చెట్లు పసుపు ముద్దల్లా పూస్తాయి, గ్రెవిలియా పొదలు నిండుగా పూస్తాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలలు వారటా పువ్వు కాలం. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర పుష్పం అదే.

ఏప్రిల్ నుంచి జూలై దాకా బాంక్సియాలు, అంటే బ్రష్‌లాంటి పువ్వుల ఆస్ట్రేలియా చెట్లు, చూడాలి. చాలా రకాలు చలికాలంలోనే పూస్తాయి.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పెద్దవాళ్లతో వెళ్లాల్సి వస్తే పొద్దున్నే వెళ్లి పదకొండున్నరకల్లా ముగించండి. అగ్నిప్రమాద సూచికని కూడా ముందు రోజే చూడండి. ఇక్కడ దానికి నాలుగు మెట్లు: మోడరేట్, హై, ఎక్స్‌ట్రీమ్, కెటస్ట్రాఫిక్. చివరి రెండింటిలో ఏది ఉన్నా ప్రయాణం మానుకోండి. చుట్టూ అడవి ఉన్న చోటు అది.

3. రాత్రే సర్దిపెట్టుకోవలసినవి

- మూసి ఉండే బూట్లు, పొడవు మేజోళ్లు. అమ్మ చీరే కట్టుకుంటానంటే కట్టుకోనివ్వండి, కానీ చెప్పులతో మాత్రం వద్దు. నేల ఇసుక, ఆకుల కింద ఏముందో కనిపించదు
- దోమల మందు, డీట్ గానీ పికారిడిన్ గానీ ఉన్నది
- వెడల్పు అంచు టోపీ, ఎస్‌పీఎఫ్ 50 ప్లస్ సన్‌స్క్రీన్
- మనిషికి కనీసం లీటరు నీళ్లు
- పులిహోర, చపాతీలు, ఏదైనా పొడికూర. అక్కడ తినడానికి దొరుకుతుందన్న ధీమాతో వెళ్లకండి
- చెత్త వెనక్కి తెచ్చుకోవడానికి రెండు సంచులు
- రెండు డాలర్ల నాణేలు, ఐదు, పది డాలర్ల నోట్లు కొన్ని
- చిన్న నోట్‌బుక్, పెన్ను
- మొక్కలు పెట్టుకోవడానికి కార్లో ఒక అట్టపెట్టె
- బీపీ, షుగర్ మందులు, ఒక వెడల్పాటి ఎలాస్టిక్ బ్యాండేజీ

దోమల మందు మర్చిపోతే మాత్రం దారిలో ఆగి కొనుక్కోండి. తోటకి వచ్చే ముందు దాటే హెక్సమ్ ప్రాంతం చిత్తడి నేలలకీ, పెద్ద దోమలకీ పేరుపడింది. అక్కడి దోమ రకానికి ‘హెక్సమ్ గ్రే’ అని ఊరి పేరే పెట్టారు.

ఇంకొకటి. బయలుదేరే ముందు బూట్ల అడుగున అంటిన మట్టిని బ్రష్‌తో దులపండి. వేళ్లు కుళ్లబెట్టే ఫైటోఫ్తోరా తెగులు బూటు మట్టితోనే ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోతుంది. మన పెరట్లో టమాటాలకి ఏదైనా తెగులు ఉంటే, ఆ మట్టి వాళ్ల తోటలోకి చేరకూడదు.

4. దారి

సిడ్నీ నుంచి 160 కిలోమీటర్ల పైచిలుకు. పర్రమట్టా, వెస్ట్‌మీడ్ వైపు నుంచి ట్రాఫిక్ లేకపోతే రెండు గంటలు, పిల్లలూ పెద్దలూ ఉంటే రెండున్నర అనుకోండి. నార్త్‌కనెక్స్ సొరంగం, తర్వాత ఎం1 మోటర్‌వే మీదుగా పైకి. ఏడున్నరకి బయలుదేరితే దారిలో ఒకసారి ఆగినా పదింటికి అక్కడుంటారు.

ఎం1ని రేమండ్ టెరస్ దాకా పొడిగించే పనుల వల్ల ఆ చివరి భాగంలో దారులు మారుతున్నాయి. గత ఏడాది వెళ్లాం కదా అని జ్ఞాపకం మీద ఆధారపడకండి, ఆ ఉదయమే మ్యాప్ చూసుకోండి. పనులు జరిగే చోట వేగ పరిమితి కూడా తక్కువగా ఉంటుంది.

తోట గేటు దాటిపోతే కంగారుపడి బ్రేక్ వేయకండి. వెనక లారీలు వస్తుంటాయి. నేరుగా రేమండ్ టెరస్ దాకా వెళ్లి తిరిగి రండి, అక్కడ టాయిలెట్లు, సూపర్‌మార్కెట్ కూడా ఉన్నాయి.

కారు లేని విద్యార్థులు న్యూకాసిల్ ఇంటర్‌చేంజ్ దాకా ట్రైన్‌లో వచ్చి, అక్కడి నుంచి బస్సు సంగతి ట్రిప్ ప్లానర్‌లో చూసుకోవాలి. తిరుగు బస్సు వేళ ముందే రాసుకోండి.

5. చేరగానే మొదటి పావుగంట

నేరుగా లోపలికి నడవకండి. ముందు విజిటర్ సెంటర్‌కి వెళ్లండి.

ఎ. రుసుము కట్టండి. విరాళం పెట్టె ఉంటే పిల్లల చేత ఎంతో కొంత వేయించండి. ఈ తోట నీటి గొట్టాలకీ, పనిముట్లకీ ఆ డబ్బు నిజంగానే ఆసరా.

బి. కాగితం మ్యాప్ అడిగి తీసుకోండి.

సి. “ఈ వారం ఏం బాగా పూసింది?” అని అడగండి. మ్యాప్ మీద పెన్నుతో గుర్తు పెట్టించుకోండి. ఎంత చదివి వెళ్లినా ఆ గుర్తులకి సాటి రాదు.

డి. టాయిలెట్, నీడలో బల్లలు ఎక్కడున్నాయో పెద్దవాళ్లకి అప్పుడే చూపించండి. నాన్నకి ఆ టెన్షన్ పోతే మిగతా నడక హాయిగా సాగుతుంది.

6. మూడు మడులు చాలు

అన్నీ చూసేయాలనుకోవడమే ఎక్కువమంది చేసే పొరపాటు. రెండున్నర గంటల్లో మూడు మడులు, ఒక చిన్న అడవి దారి. అంతకు మించి పెట్టుకోకండి.

ఏ మూడు? ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లయితే వాళ్లకి తెలిసిన చెట్ల చుట్టాలతో మొదలుపెట్టండి. తెలియని పేర్లు వంద చెప్తే విసుగొస్తుంది. తెలిసిన చెట్టు ఒకటి కనపడితే మనిషి ఆగిపోతారు.

మా అమ్మ పెరిగింది సముద్రం పక్క ఊళ్లో. పెళ్లి పందిళ్లకి సర్వి బాదులు మోసిన ఇల్లు. ఇక్కడ సూదుల్లాంటి ఆకుల చెట్టు కింద నిలబడి “ఇది సరుగుడే కదరా” అంది. అదే కుటుంబం. మన తీరంలో గాలికి అడ్డుగా వేసిన సరుగుడు, ఇక్కడి నదుల ఒడ్డున, చిత్తడి అంచుల్లో పెరిగే కాజురైనాలు దగ్గరి బంధువులు. ఆ చెట్టు దగ్గరే అరగంట గడిచింది. తొందరపెట్టనందుకు ఇప్పటికీ సంతోషంగా ఉంది.

వెతకడానికి ఇంకొన్ని:

- యూకలిప్టస్. మనకి జామాయిల్. కాగితం మిల్లుల కోసం మన పొలాల్లో వరసలుగా వేసిన రకాల్లో ముఖ్యమైన యూకలిప్టస్ టెరెటికార్నిస్ ఈ ప్రాంతపు అడవి చెట్టే. ఇక్కడ దాన్ని ఫారెస్ట్ రెడ్ గమ్ అంటారు, కోలాలు దాని ఆకు తింటాయి. మన దగ్గర నాలుగైదేళ్లకి నరికేస్తాం కాబట్టి, ముసలి చెట్టు మాను ఎంత లావు అవుతుందో చాలామంది చూసి ఉండరు.
- గ్రెవిలియా. అరకులో కాఫీ తోటలకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ కూడా ఒక గ్రెవిలియానే. అరకు వెళ్లొచ్చిన వాళ్లకి ఈ మాట చెప్పి, పొదల్లా పెరిగే రకాల పువ్వుల్ని దగ్గరగా చూపించండి. పువ్వు పోలిక తెలుస్తుంది. ముట్టుకోవద్దు, కొన్ని రకాలకి చర్మం దద్దురు లేస్తుంది.
- వాటిల్. అకేసియా జాతి. మన ఊళ్లలో రోడ్ల పక్కన ఉండే ఆస్ట్రేలియా తుమ్మకి చుట్టం.
- జామ కుటుంబం. జామ, నేరేడు, లవంగం, జామాయిల్, బాటిల్ బ్రష్, కాగితంలా బెరడు ఊడే మెలలూకా, అన్నీ ఒకే కుటుంబం. ఈ ఒక్క మాట పిల్లలకి చెప్పి, ఆకుని వెలుగుకి ఎదురుగా చూడమనండి. నూనె చుక్కలు సన్నని సూదిపోట్లలా కనిపిస్తాయి. చూడటానికి కింద రాలిన ఆకు చాలు, చూశాక అక్కడే పడేయాలి.

బాంక్సియా మన ఊళ్లలో కనిపించేది కాదు, కానీ వదలకండి. ఎండిన కాయల్ని చూపించి, చాలా రకాల్లో నిప్పు వేడి తగిలాకే అవి నోరు తెరిచి గింజలు వదులుతాయని చెప్పండి.

7. పేరు పలక చదవడం, ఫోటో తీయడం

పలక మీద మొదటి మాట జాతి, రెండోది రకం. ఒంటి కొటేషన్ గుర్తుల మధ్య ఇంకో పేరు ఉంటే అది నర్సరీల్లో తయారైన ప్రత్యేక రకం. కొనాలనుకుంటే ఆ మూడో పేరు తప్పకుండా రాసుకోండి, అది లేకుండా అదే మొక్క దొరకదు.

ఫోటోలు ఈ వరసలో తీయండి: ముందు పలక, తర్వాత మొక్క మొత్తం, తర్వాత ఆకు, ఆఖరున పువ్వు. ప్రతి మొక్కకీ ఇదే వరస. ఇంటికొచ్చాక ఏ పువ్వు దేనిదో తికమక ఉండదు.

పలక లేకపోతే ఊహించి రాసుకోకండి. ఫోటో తీసి వాలంటీర్‌ని అడగండి.

8. వాలంటీర్లతో మాట్లాడటం

నా లెక్కలో ఈ ప్రయాణానికి అసలు ఫలం ఇదే. చాలామంది రిటైరైన వాళ్లు. ఒకే మడిని ఏళ్ల తరబడి చూసుకునే వాళ్లుంటారు. ఏ మొక్క ఏ ఏడు ఎండకి చచ్చిపోయింది, దాని చోట ఏది పెడితే బతికింది అన్నది వాళ్లకి నోటికి తెలుసు.

- పనిలో ఉన్న మనిషి దగ్గరికి వెళ్లగానే ప్రశ్న వేయకండి. పలకరించి, “ఒక్క నిమిషం వీలవుతుందా?” అని అడగండి.
- పేరు పెట్టి పిలవడానికి మొహమాటపడకండి. డెబ్బై ఏళ్ల మనిషిని పేరు పెట్టి పిలవడం మనకి కష్టమే, కానీ ఇక్కడ అదే మర్యాద. ‘అంకుల్’, ‘ఆంటీ’ వద్దు.
- వాళ్లు మొక్క చూపించేటప్పుడు అమ్మానాన్నలకి తెలుగులో వెంటనే చెప్పండి. చివర్లో అంతా కలిపి చెప్పకండి. మధ్యమధ్యలో చెప్తేనే నాన్న తన పొలం సంగతి చెప్పగలుగుతారు, వాళ్లు వింటారు. ఇసుక నేల గురించి మా నాన్నా, ఒక పెద్దాయనా నా అనువాదం మీదే ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు.
- టీ విరామంలో బల్ల చుట్టూ కూర్చుని ఉంటే వాళ్లని వదిలేయండి. వాళ్లే పిలిస్తే కూర్చోండి.

అడగదగ్గ ప్రశ్నలు: “మిమ్మల్ని బాగా కష్టపెట్టిన మొక్క ఏది?” “ఈ నేలలో నీళ్లు పోయకుండా ఏది బతికింది?” “మా పెరడు బంకమట్టి, ఏం పెట్టాలి?”

9. సాధారణంగా జరిగే పొరపాట్లు, వాటికి మార్గాలు

పూజకని పువ్వు కోయడం. పెద్దవాళ్లకి ఇది తప్పనిపించదు. కాబట్టి కార్లో ఉండగానే, నెమ్మదిగా చెప్పండి. రాలిన పువ్వులు, గింజలు కూడా ఏరకూడదు. కొన్ని మొక్కల గింజలు వాళ్లు మళ్లీ నాటడానికి దాచుకుంటారు. ఈత మొక్కలా కనిపించే బురవాంగ్ గింజలు విషం కూడా.

ఆకుల మీద పసుపు పొడి ముట్టుకోవడం. జామ కుటుంబపు లేత ఆకుల మీద మెరిసే పసుపు రంగు పొడి ఉంటే అది మిర్టిల్ రస్ట్ కావచ్చు. 2010లో న్యూ సౌత్ వేల్స్‌లో బయటపడ్డ తుప్పు తెగులు అది. ముట్టుకుంటే బట్టలతో పాటు ఇంటికొస్తుంది, పెరట్లో జామకీ పట్టగలదు. తగిలితే బట్టలు, టోపీ ఇంటికి రాగానే ఉతికేయండి. ఎక్కడ చూశారో వాలంటీర్‌కి చెప్పండి.

టిక్ (రక్తం పీల్చే పిడుదు లాంటి పురుగు) అంటుకోవడం. వసంతంలో, వేసవి మొదట్లో ఎక్కువ. గోళ్లతో పట్టి లాగకండి, నొక్కకండి. ఫార్మసీలో టిక్‌ని గడ్డకట్టించి చంపే స్ప్రే దొరుకుతుంది, దానితో ఉన్నచోటే చంపాలి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా వెంటనే అత్యవసర నంబరు 000కి ఫోన్ చేయండి. ఇంటికి రాగానే పిల్లల చెవుల వెనక, జుట్టులో చూడండి.

పాము. కనిపిస్తే ఆగి, మెల్లగా వెనక్కి రండి. కాటు పడితే పైన తాడు బిగించి కట్టే మన పాత పద్ధతి వద్దు. కడగకండి. వెడల్పు బ్యాండేజీని కాలు మొత్తానికీ గట్టిగా చుట్టి, కదలకుండా కూర్చోబెట్టి, 000కి ఫోన్ చేయండి. సంచిలో బ్యాండేజీ అందుకే.

గేటు వేళ మర్చిపోవడం. మూసే సమయానికి 45 నిమిషాల ముందు అలారం పెట్టుకోండి. మీరు లోపల ఉండిపోతే ఒక వాలంటీర్ ఇంటికి వెళ్లకుండా మీ కోసం ఆగాలి.

10. మొక్క కొనేటప్పుడు

తిరిగి వచ్చే దారిలో కొనండి, ముందే కొని ఎండలో కార్లో పెట్టకండి. పెద్ద కుండీ మొక్క కన్నా ట్యూబ్‌స్టాక్ అనే చిన్న గొట్టపు మొక్క మేలు. ధర తక్కువ, వేళ్లు మన నేలకి త్వరగా అలవాటు పడతాయి. గొట్టం అడుగున వేళ్లు చుట్లు చుట్టుకుని ఉంటే ఇంకోటి తీసుకోండి.

మన ఇళ్లకి నేను చెప్పేవి రెండు. కంచెగా పెంచుకోవడానికి లిల్లీ పిల్లీ, నేరేడుకి బంధువు. టీలోకి రెండు ఆకులు వేసుకోవడానికి లెమన్ మిర్టిల్. అపార్ట్‌మెంట్ బాల్కనీలో కుండీకైతే కురచ రకం గ్రెవిలియా ఏదుందో అడగండి.

అమ్మానాన్నలు ఇండియాకి తీసుకెళ్తామంటే మాత్రం ఒప్పుకోకండి. గింజలకైనా, మొక్కలకైనా ముందుగా దిగుమతి అనుమతి, తెగుళ్లు లేవని ఇక్కడ ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి.

11. ఇంట్లో నాటడం

ఇక్కడే మనవాళ్లు ఎక్కువ మొక్కల్ని పోగొట్టుకుంటున్నారు. కారణం ప్రేమ ఎక్కువై ఎరువు వేయడం.

బాంక్సియా, గ్రెవిలియా, వారటా భాస్వరం తక్కువైన నేలల్లో పుట్టినవి. ఉన్న కొంచెం భాస్వరాన్నీ లాక్కోవడానికి వాటికి గుత్తులు గుత్తులుగా సన్నని వేళ్లుంటాయి. గులాబీకి వేసినట్టు కోడి ఎరువు, ఎముకల పొడి, డీఏపీ వేస్తే అవసరానికి మించి లాక్కుని చచ్చిపోతాయి.

వరస ఇది:

1. గొట్టంతో సహా బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచండి.
2. గొట్టానికి రెండింతల వెడల్పు గుంత తీయండి, లోతు గొట్టమంతే.
3. గుంతలో ఎరువు వేయొద్దు. కుండీ అయితే నేటివ్ (ఆస్ట్రేలియా) మొక్కల మట్టి మిశ్రమం వాడండి.
4. వేళ్లు విడదీయకుండా పెట్టి, మట్టి సర్ది, ఒక బకెట్ నీళ్లు పోయండి.
5. చుట్టూ చెక్క పొట్టు పరవండి, కాండానికి తగలకూడదు.
6. తులసికి పోసినట్టు రోజూ చెంబెడు పోయకండి. వారానికి రెండుసార్లు నిండుగా పోయండి, వాన పడితే మానేయండి.

ఎరువు వేసేశాక ఆకుల అంచులు మాడుతుంటే: నేలలో ఉన్న మొక్కకి రెండు మూడు రోజులు నీళ్లు ధారాళంగా పోసి ఎరువు కిందికి దిగిపోయేలా చేయండి. కుండీలో ఉంటే మట్టి మార్చేయండి. ఆ తర్వాత భాస్వరం తక్కువగా ఉన్న నేటివ్ ఎరువే, అదీ వసంతంలో ఒక్కసారి.

మొదటి పువ్వు వచ్చినప్పుడు ఫోటో తీసి పెట్టుకోండి, నాటిన తేదీ, మట్టి రకం దాని పక్కనే రాసుకోండి. మళ్లీ వెళ్లినప్పుడు ఆ మొక్క అమ్మిన వాలంటీర్‌కి చూపిస్తే, వాళ్లు మొదట అడిగేవి ఆ రెండే.